అబార్షన్ నిర్ణయం డాక్టర్ చేతికి ఎలా వెళ్లింది? అమెరికా చట్టాల వెనుక ఓ బోస్టన్ వైద్యుడు

అబార్షన్‌కు ఉన్న రాజ్యాంగ రక్షణను అమెరికా సుప్రీంకోర్టు 2022 జూన్ 24న తొలగించింది. అప్పటి నుంచి ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం. ఈ చట్టాల మూలాలు వెతికితే 19వ శతాబ్దపు వైద్యుడు హొరేషియో స్టోరర్ పేరు ఎదురవుతుంది.

అంతకుముందు ఎలా ఉండేది?

1800ల మొదట్లో అక్కడ కడుపులో బిడ్డ కదలిక తెలియకముందు, అంటే సుమారు నాలుగైదు నెలల లోపు, గర్భం తీయించుకోవడం సాధారణంగా నేరం కాదు. కదలిక ముందుగా తెలిసేది తల్లికే. కాబట్టి ఆమె మాటే ఆధారం.

స్టోరర్ ఏం చేశారు?

1830లో పుట్టిన ఆయన హార్వర్డ్‌లో వైద్యం చదివారు. గైనకాలజీని ప్రత్యేక విభాగంగా నిలబెట్టిన తొలితరం వైద్యుల్లో ఒకరు. 1857లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌ను ఈ అంశంపై కదిలించారు. కదలికతో సంబంధం లేకుండా పిండానికి మొదటి నుంచీ ప్రాణం ఉంటుందన్న నివేదికను ఆ సంఘం 1859లో ఆమోదించింది.

చట్టాలన్నీ ఆయన వల్లే వచ్చాయనలేం. కనెక్టికట్ 1821లోనే ఒక చట్టం చేసింది. కానీ వైద్యుల ప్రచారం తర్వాత, 1880 నాటికి దాదాపు అన్ని రాష్ట్రాల్లో అబార్షన్ నేరమైంది.

ఉద్దేశం ప్రాణరక్షణ ఒక్కటేనా?

కాదు. వలస వచ్చిన కుటుంబాల్లో పిల్లలు పెరుగుతున్నారని, స్థానికుల్లో తగ్గుతున్నారని ఆయన ఆందోళన చెందారు. మహిళలు డాక్టర్లు కావడాన్నీ వ్యతిరేకించారు.

ఇప్పుడేంటి?

నాటి చట్టాల్లో ఎక్కువ భాగం తల్లి ప్రాణాపాయానికి మినహాయింపునిచ్చాయి. ఆచరణలో దాన్ని తేల్చేది డాక్టరే. అలా తల్లి చేతిలోని మాట వైద్యుడి చేతికి వెళ్లింది. నేడు టెక్సాస్‌లోనూ మినహాయింపు వైద్యుడి అంచనాపైనే ఆధారపడుతుంది. కానీ నిబంధన ఉల్లంఘించారని తేలితే యావజ్జీవం దాకా శిక్ష, కనీసం లక్ష డాలర్ల జరిమానా. అందుకే అత్యవసరంలోనూ డాక్టర్లు వెనకాడారు. ఈ అయోమయం తగ్గించేందుకే 2025లో అక్కడ వివరణ చట్టం తెచ్చారు.

డల్లాస్, హ్యూస్టన్‌లలో ఉన్న తెలుగు కుటుంబాలు గమనించాల్సింది: గర్భస్రావమై పిండం చనిపోయాక చేసే చికిత్స, గర్భాశయం బయట ఏర్పడిన గర్భాన్ని తొలగించడం టెక్సాస్ చట్టం ప్రకారం అబార్షన్ కిందకు రావు. ఇబ్బంది వస్తే ఆస్పత్రి ఏం చేస్తుందో మొదటి చెకప్‌లోనే అడిగి తెలుసుకోవడం మంచిది.