కార్డు ఇచ్చారు సరే, రిజిస్టర్ ఏది?



సికిల్ సెల్ మిషన్ 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైంది. మన రెండు రాష్ట్రాలతో కలిపి 17 రాష్ట్రాల్లో, 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం లక్ష్యం. అప్పట్నుంచి ఏ మీటింగుకెళ్లినా ఒకటే పాట: ఇన్ని పరీక్షలు చేశాం, ఇన్ని కార్డులు పంచాం. మేం అడిగే లెక్క వేరు. జబ్బు ఉందని తేలిన పిల్లల్లో ఈ నెల పెన్సిలిన్ ఎంతమందికి అందింది? ఎవరి టీకా బాకీ ఉంది?

సికిల్ సెల్ అంటే ఒళ్లు నొప్పులు, రక్తం తక్కువ, అంతే అనుకుంటారు మనోళ్లు. కానీ కొడవలిలా వంగిన ఆ కణాలు చిన్నప్పుడే ప్లీహాన్ని దెబ్బతీస్తాయి. రక్తంలో చేరిన బ్యాక్టీరియాను వడగట్టేది అదే. అది పనిచేయని బిడ్డకు న్యూమోకాకస్ సోకితే, పొద్దున జ్వరం మొదలై రాత్రికి దక్కకపోవచ్చు. 1986లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధన చూడండి. మూడేళ్ల లోపు పిల్లలు 215 మంది. రోజుకు రెండు పూటలా పెన్సిలిన్ ఇచ్చిన 105 మందిలో ఇద్దరికే ఈ ఇన్ఫెక్షన్ వచ్చింది. ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన 110 మందిలో 13 మందికి వచ్చింది, ముగ్గురు చనిపోయారు. తేడా అంత స్పష్టంగా ఉండేసరికి గడువుకు 8 నెలల ముందే ట్రయల్ ఆపేశారు.

ఆ మందు చవకే. అసలు కష్టమల్లా ఐదేళ్లు నిండేదాకా రోజూ మానకుండా వేయించడంలోనే. ఏ గూడెంలో ఏ బిడ్డకు మాత్రలు ఎప్పుడు అయిపోతాయో ఎవరో ఒకరు రాసుకోవాలి, ఫోన్ చేయాలి, సిగ్నల్ లేకపోతే సంత రోజు కబురు పంపాలి. రిజిస్టర్ అంటే మేం అడిగేది ఇదే. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ప్లీహం లేనివాళ్ల కోసం ఇలాంటిది 2003 నుంచి నడుస్తోంది. టీకా గడువు గుర్తుచేస్తారు, జ్వరమొస్తే ఏం చేయాలో చెప్తారు. పేరు నమోదైన వాళ్లలో ఇన్ఫెక్షన్లు తగ్గాయి కూడా.

బడ్జెట్ లేదంటారు. ఒక్క బిడ్డను డోలీలో కొండ దించి, అంబులెన్సులో పట్నం చేర్చి, వారం ఐసీయూలో ఉంచే ఖర్చు ముందు మాత్రలూ ఫోన్ కాల్సూ ఎంత? పరీక్షల డబ్బు ఎలాగూ పెట్టేశారు. తర్వాత ఎవరూ పిలవకపోతే అదంతా గెడ్డలో పోసినట్టే.

మన దేశంలో ఆదివాసుల్లో కనిపించే రకం కాస్త తేలికది, ప్లీహం ఎక్కువ కాలం పనిచేస్తుంది అని కొందరు డాక్టర్లు అంటారు. కొంత నిజమే. అందరికీ తేలిక కాదు మరి. ఎవరికి తేలికో, ఎవరికి కాదో తేల్చాలన్నా రిజిస్టరే కావాలి కదా! జ్వరమొచ్చి పోయిన బిడ్డ ఏ లెక్కలోనూ ఎక్కకపోతే జబ్బు తేలికగానే కనబడుతుంది.

వచ్చే గ్రామసభలో, ఐటీడీఏ గ్రీవెన్సులో ఇదే అడుగుదాం: ప్రతి పీహెచ్‌సీలో పేరుపేరునా రిజిస్టర్ పెట్టాలి, నెలనెలా పిలిచే బాధ్యత ఒకరికి అప్పజెప్పాలి, ఆ పనికి వేరే జీతమివ్వాలి. ఇప్పటికే నలిగిపోతున్న ఆశా అక్కల నెత్తిన ఊరికే రుద్దొద్దు. ఇంకో షరతు. ఆ పేర్లు పీహెచ్‌సీ గడప దాటకూడదు. పంచాయతీ గోడ మీద అంటించి పిల్లల పెళ్లి సంబంధాలు చెడగొడతామంటే మాత్రం ఊరుకోం.