సెలవులకు పెట్టె వద్దు, బ్యాగు చాలు

సంక్రాంతి సెలవులు దగ్గర పడగానే మన హాస్టళ్లలో సర్దుళ్లు మొదలవుతాయి. ట్రంకు పెట్టె, దుప్పటి, కంచం, గ్లాసు, బకెట్టు... ఉన్నదంతా మోసుకుని చోడవరం బస్టాండుకు చేరేవారు మనలో ఎందరో! మాడుగుల, చీడికాడ, రావికమతం వైపు వెళ్లే పండగ బస్సుల్లో కాలు పెట్టడానికే చోటుండదు. ఇక పెట్టెకు చోటెక్కడ?

మిత్రులారా! ఇంటికి ఒక్క బ్యాగు చాలునని మా అభిప్రాయం. ఇది బరువు గురించి మాత్రమే చెప్పే మాట కాదు. పెట్టె ఇక్కడ ఉంటే దానికోసమైనా తిరిగి వస్తాం. పెట్టెతో సహా ఇంటికి చేరితే, చెరకు నరికే పనో, ఇంటి అప్పో, అమ్మాయిలకైతే పెళ్లి మాటో అక్కడే ఆపేస్తుంది. అలా ఆగిపోయిన చదువులు మనకు తెలియనివి కావు.

బ్యాగు సర్దడానికీ ఒక పద్ధతి ఉంది. ఒంటిమీద ఉన్నవి కాక రెండు జతల బట్టలు చాలు. వాటిని చాపలా చుట్టి పెడితే తక్కువ చోటు పడుతుంది. పుస్తకాలు అడుగున పరచాలి. పొడుగు ట్రావెల్ బ్యాగు అయితే బరువు రెండు వైపులా సమంగా ఉండాలి, లేకుంటే భుజం లాగేస్తుంది. బూట్లలో సాక్సులు కుక్కి, వాటిని ప్లాస్టిక్ కవరులో చుట్టాలి. నూనె సీసా వేరే కవరులో ఉండాలి. సర్టిఫికెట్లు, ఆధార్ జిరాక్సు పుస్తకం మధ్యలో పెడితే నలగవు. పేరు, హాస్టల్ చిరునామా రాసిన చీటీ లోపల వేయాలి. బడి సంచి బరువు పిల్లల బరువులో పదో వంతు మించరాదని 2020లో కేంద్ర విద్యాశాఖ విధానం చెప్పింది. అంటే 40 కిలోల విద్యార్థికి 4 కిలోలు. ప్రయాణానికీ అదే మంచి కొలత. పావు వంతు ఖాళీ ఉంచండి. వచ్చేటప్పుడు అమ్మ ఇచ్చే అరిసెలకు, పచ్చడికి చోటు కావాలి కదా!

1917లో డాక్టర్ అంబేద్కర్ లండన్ చదువు మధ్యలో స్వదేశానికి రావలసి వచ్చింది. వేరే ఓడలో పంపిన ఆయన పుస్తకాలు జర్మన్ల టార్పెడో దాడిలో సముద్రం పాలయ్యాయి. అయినా 1920లో ఆయన మళ్లీ లండన్ వెళ్లి చదువు పూర్తి చేశారు. సామాను పోయినా చదువును పోనివ్వలేదు. మనం నేర్వవలసినది అదే.

అయితే పెట్టె వదలాలంటే భద్రత ఉండాలి. తాళం లేని గదిలో పెట్టెలు వదిలి వెళ్లమంటే ఎవరు వెళతారు? కావున సెలవుల్లో పెట్టెలు ఉంచేందుకు తాళం వేసే గది ఒకటి ప్రతి హాస్టల్లోనూ కేటాయించాలని అధికారులకు మా మనవి. పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు వార్షికోత్సవాలకు శాలువాలు, షీల్డుల బదులు పదో తరగతి పిల్లలకు తలా ఒక మంచి బ్యాగు ఇస్తే అంతకన్నా కానుక లేదు.

సెలవులు ముగిసిన నాడు ప్రతి పెట్టె దగ్గరకూ దాని సొంతదారు తిరిగి రావాలని కోరుకుంటున్నాం.