పాయింట్ల కోసం పాలసీ, ముప్పై రోజుల్లో క్యాన్సిల్

మన హాస్టల్లో రాత్రి పదకొండు దాటితే మూడే టాపిక్కులు. ప్లేస్‌మెంట్లు, క్రికెట్, క్రెడిట్ కార్డులు. మూడోది ఈ మధ్యే చేరింది. ఎఫ్‌డీ పెట్టి కార్డు తెచ్చుకున్నవాళ్లు కొందరు, ఇంట్లో అన్నయ్య కార్డుకి యాడ్-ఆన్ తీసుకున్నవాళ్లు కొందరు. ఎవరి కార్డుకి ఎన్ని పాయింట్లు వస్తాయో సెమిస్టర్ మార్కుల కంటే శ్రద్ధగా లెక్కేస్తున్నాం. నేనూ అందులో ఒకణ్ణే కాబట్టి ఎవర్నీ వెక్కిరించడానికి ఇది రాయట్లేదు.

ఆ కబుర్లలో తరచూ వినిపించే ఒక కిటుకు గురించి ఈ వ్యాసం. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కార్డు ఇచ్చిన బ్యాంకు "మూడు నెలల్లో లక్షన్నర ఖర్చు పెట్టండి, పదివేల బోనస్ పాయింట్లు ఇస్తాం" అంటుంది. మన ఖర్చు లక్ష దగ్గర ఆగిపోతుంది. మిగతా యాభై వేలు ఎక్కడ గీకాలి? ఫ్రిజ్ కొంటే ఫ్రిజ్ మిగులుతుంది గానీ డబ్బు మిగలదు. అదే ఇన్సూరెన్స్ పాలసీ తీసుకుంటే? తీసుకుని, పాయింట్లు పడ్డాక వెనక్కి ఇచ్చేస్తే?

ఇచ్చేయొచ్చు. జీవిత బీమా పాలసీ మన చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల దాకా, చదువుకుని నచ్చకపోతే రద్దు చేసుకునే హక్కు మనకుంది. దీన్ని ఫ్రీ లుక్ పీరియడ్ అంటారు. ఇదివరకు మామూలుగా 15 రోజులే ఉండేది, 2024లో వచ్చిన నిబంధనలతో అందరికీ 30 అయింది. ఏడాది లేదా అంతకు మించిన హెల్త్ పాలసీలకూ ఉంది, కాకపోతే కొత్తగా తీసుకున్నప్పుడే, రెన్యువల్‌కి కాదు. రద్దు చేస్తే కట్టిన ప్రీమియంలోంచి స్టాంపు డ్యూటీ, మెడికల్ టెస్టు చేసి ఉంటే దాని ఖర్చు, మనకు రక్షణ ఉన్న ఆ కొద్ది రోజుల రిస్క్ ప్రీమియం మాత్రం పట్టుకుని మిగతాది ఇచ్చేస్తారు. ఈ రూల్సు పెట్టే ఐఆర్‌డీఏఐ ఆఫీసు ఎక్కడో ఢిల్లీలో లేదు, మన హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనే ఉంది. మా అన్నయ్య రోజూ దాని మీదుగానే ఆఫీసుకి వెళ్తాడు.

ఆ అన్నయ్యకి ఈ ఐడియా ఇచ్చింది నేనే.

పోయిన డిసెంబర్లో వాడి టార్గెట్‌కి 48,000 తక్కువైంది. మా బాబాయి ఊళ్లో ఇన్సూరెన్స్ ఏజెంటు. "ఆన్‌లైన్లో ఎందుకురా, బాబాయి దగ్గరే తీసుకో, ఆయనా సంతోషిస్తాడు, నెలలోపు తీసేద్దాం" అన్నాను. రెండు పనులూ ఒకేసారి అవుతాయని తెలివిగా ఆలోచించాననుకున్నాను. ఏడాదికి 48,000 ప్రీమియం, ఐదు లక్షల పాలసీ. బాబాయి ఆదివారం బస్సెక్కి హైదరాబాద్ వచ్చి అన్నయ్యతో సంతకాలు పెట్టించుకుని, మధ్యాహ్నం భోజనం చేసి వెళ్లాడు. పాలసీ వచ్చిన ఇరవై నాలుగో రోజున అన్నయ్య రద్దుకి పెట్టాడు. కారణం అని ఉన్న చోట "షరతులు నచ్చలేదు" అని రాశాడు. అలా రాయమన్నదీ నేనే.

లెక్క చూడండి. స్టాంపు డ్యూటీ, రిస్క్ ప్రీమియం కలిపి నూట అరవై చిల్లర పోయింది. పదివేల పాయింట్లు, పాయింటుకి పావలా చొప్పున 2,500 రూపాయలు. నికరంగా 2,300 పైచిలుకు లాభం. ప్రీమియం తిరిగొచ్చింది కార్డుకి కాదు, బ్యాంకు ఖాతాకి. కాబట్టి పాయింట్లు వెనక్కి పోలేదు. సలహా ఫీజు కింద అన్నయ్య నాకు ఐదొందలు పంపాడు. ఆ రాత్రి రూమ్మేట్లకి బిర్యానీ పెట్టించాను.

వారం తర్వాత బాబాయి ఫోన్ చేశాడు. అన్నయ్యకి కాదు, నాకు. వాడు ఆఫీసులో బిజీగా ఉంటాడని నాకు చేశాడట.

"ఒరేయ్ చిన్నోడా, పాలసీలో నేనేమైనా తప్పు చెప్పానా? పెద్దోడు షరతులు నచ్చలేదని రాశాడంట. బ్రాంచిలో అడిగారు. నేను అన్నీ వివరంగానే చెప్పాను కదరా, నువ్వు కూడా వీడియో కాల్లో ఉన్నావు కదా."

నాకు గొంతులో మాట రాలేదు. "లేదు బాబాయ్, అన్నయ్యకి డబ్బు అవసరం పడింది" అన్నాను. అది రెండో అబద్ధం.

"అవసరమైతే నన్ను అడగొచ్చు కదరా" అన్నాడు.

పాలసీ రద్దయితే ఏజెంటుకిచ్చిన కమీషన్ వెనక్కి తీసుకుంటారని నాకు అప్పటిదాకా తెలీదు. తెలుసుకోవాలన్న ఆలోచనే రాలేదు. బాబాయికి తర్వాతి నెల కమీషన్లో పట్టుకున్నారు. మొదట వచ్చిన డబ్బు అప్పటికే చెల్లి కాలేజీ ఫీజుకి వెళ్లిపోయింది. ఇది పిన్ని అమ్మకి చెబితే, అమ్మ నాకు చెప్పింది. మేం ఎందుకు రద్దు చేశామో అమ్మకి ఇంకా తెలీదు.

ఇదంతా మా రూములో చెబితే వచ్చిన మొదటి వాదన ఇది. "మీ తప్పు ఏజెంటు దగ్గర తీసుకోవడం. ఆన్‌లైన్లో తీసుకుంటే మధ్యలో మనిషే ఉండడు, ఎవరికి నష్టం?"

మనం ఇంజనీరింగ్ చదువుతున్నాం. శక్తి పుట్టదు, నశించదు అని ఇంటర్లోనే చదివాం. మరి 2,500 రూపాయల పాయింట్లు శూన్యంలోంచి ఎలా పుడతాయి? కార్డు గీకిన ప్రతిసారీ అమ్మినవాడు బ్యాంకుకి కొంత శాతం కట్టాలి. ఎండీఆర్ అంటారు. మన పాయింట్లలో పెద్ద భాగం అక్కణ్ణుంచే వస్తుంది. ఇక్కడ అమ్మినవాడు బీమా కంపెనీ. ప్రీమియం మన ఖాతాకి తిరిగి పంపినా, కార్డు లావాదేవీ మీద బ్యాంకుకి కట్టింది కంపెనీకి వెనక్కి రాదు. పాలసీ తయారుచేసి పంపిన ఖర్చు అదనం. ఆ ఖర్చు చివరికి ఎవరి మీద పడుతుంది? నెలనెలా మానకుండా ప్రీమియం కట్టే మిగతావాళ్ల మీద. అంటే మీ నాన్న, మా నాన్న. మనిషి కనబడకపోతే నష్టం లేనట్టు కాదు, కనబడనట్టు అంతే.

ఇంకోటి కూడా జరిగింది. ఇన్సూరెన్స్ ప్రీమియం మీద ఇచ్చే పాయింట్లకి చాలా బ్యాంకులు పరిమితులు పెట్టాయి, కొన్ని కార్డులైతే అసలు ఇవ్వట్లేదు. మన కిటుకు ఒక్కటే దానికి కారణమని నేను అనను, కానీ ఇలాంటివి చూశాక ఏ బ్యాంకైనా చేసేది అదే. ఇంట్లో అందరికీ కలిపి నిజంగా హెల్త్ పాలసీ కట్టేవాడికి రావాల్సిన పాయింట్లు కూడా దాంతో పోయాయి.

రెండో వాదన దీనికంటే గట్టిది. "బ్యాంకులు, కంపెనీలు ఏమైనా ధర్మరాజులా? వాళ్లు మనల్ని ముంచితే వ్యాపారం, మనం రెండు వేలు లాగితే నేరమా?"

నేరం కాదు, ఒప్పుకుంటాను. ముంచడం కూడా నిజమే. నా రూమ్మేట్ వాళ్ల తాతయ్య ఎఫ్‌డీ రెన్యువల్‌కని బ్యాంకుకి వెళ్లి, ఏటా లక్ష కట్టాల్సిన పాలసీతో ఇంటికొచ్చారు. ఆయన అది కూడా ఎఫ్‌డీయే అనుకున్నారు. రెండో ఏడాది ప్రీమియం కట్టమని మెసేజ్ వచ్చాక గానీ ఇంట్లో ఎవరికీ తెలీలేదు. ముప్పై రోజులు ఎప్పుడో దాటిపోయాయి. ఇప్పుడు వాళ్లు ఫిర్యాదులు పెట్టుకుంటూ తిరుగుతున్నారు.

సరిగ్గా ఇందుకే నేను ఆ వాదనతో ఏకీభవించను. ఫ్రీ లుక్ ఆ తాతయ్య కోసం పెట్టింది. పాలసీ కాగితాలు చదివి "నాకు చెప్పింది ఇది కాదు" అని గుర్తుపట్టినవాడు, ఎవర్నీ బతిమాలకుండా బయటపడటానికి పెట్టిన తలుపు అది. "షరతులు నచ్చలేదు" అనే మాట ఆయన రాస్తే దానికి విలువ ఉండాలి, అమ్మినవాణ్ణి నిలదీయాలి. పాయింట్ల కోసం మనం కూడా అదే మాట రాస్తే ఏమవుతుంది? మోసం చేసి అమ్మినవాడూ, నిజాయితీగా అమ్మిన మా బాబాయీ ఒకే లిస్టులో చేరతారు. మేం ముంచింది బ్యాంకుని కాదు. బ్యాంకుకి ఈ విషయం తెలిసి కూడా ఉండదు.

సరే, నీతి పక్కన పెడదాం. లాభమే చూద్దామంటే, ఆ లాభం కూడా సన్నటి తాడు మీద నడక. రిఫండ్ వచ్చేలోపే కార్డు బిల్లు గడువు వచ్చేస్తే, చేతిలో 48,000 లేకపోతే? నెలకి మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 1,680, దాని మీద 18 శాతం జీఎస్టీ 302. మొత్తం 1,982. పూర్తిగా కట్టకపోతే వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, గీకిన రోజు నుంచి వేస్తారు. అంటే ఒక్క నెల ఆలస్యంతో 2,300 లాభంలో మిగిలేది మూడొందలు. ఇక 30 రోజుల గడువే దాటిపోతే మొత్తం ఇరుక్కుపోతాం. ఈ-మెయిల్లో పాలసీ వస్తే మనం తెరిచినా తెరవకపోయినా అందినట్టే లెక్క. ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్ మధ్యలో ఎవడికి గుర్తుంటుంది?

మరి ఏం చేయాలి? నా అభిప్రాయం రెండు ముక్కల్లో.

ఇప్పటికే పాయింట్ల కోసమో, ఎవరో బతిమాలితేనో అక్కర్లేని పాలసీ తీసుకుని ఉంటే, మొహమాటపడి ఉంచుకోకండి. పదిహేనేళ్లు కట్టాల్సిన పాలసీని సిగ్గుతో మోయడం తప్పుని పెద్దది చేయడమే. ముప్పై రోజుల్లోపు కంపెనీకి రాతపూర్వకంగా పెట్టండి, అందినట్టు రసీదు తీసుకోండి. అడిగిన ఏడు రోజుల్లో డబ్బు ఇవ్వాలన్నది నిబంధన. కారణం మాత్రం నిజం రాయండి. "నాకు ఈ పాలసీ అవసరం లేదు" అనేది చాలు. ఏజెంటు ఉంటే ముందు ఆయనకి మీరే చెప్పండి, బ్రాంచి నుంచి తెలియనివ్వకండి. గడువు దాటిపోయి, మోసం చేసి అమ్మారనిపిస్తే, ముందు కంపెనీకి, తర్వాత ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు. అప్పటికీ తేలకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, హైదరాబాద్‌లోనూ ఆఫీసు ఉంది, ఫీజు లేదు.

రద్దు చేయాలనే ఉద్దేశంతో మాత్రం పాలసీ తీసుకోకండి. టార్గెట్‌కి తక్కువైతే ఇంట్లో ఎలాగూ కట్టాల్సిన ఖర్చు కార్డు మీద కట్టండి. అమ్మానాన్నల హెల్త్ పాలసీ రెన్యువల్ ఉంటే అది కట్టండి. అప్పటికీ చాలకపోతే పాయింట్లు వదిలేయండి. పోయేది 2,500.

ఈ వ్యాసం క్లబ్బుకి పంపే ముందు నిన్న సాయంత్రం బాబాయికి ఫోన్ చేసి జరిగింది మొత్తం చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అంటే నేను తప్పు చెప్పలేదన్నమాట" అన్నాడు. రెండు నెలలుగా ఆయన మనసులో అదే ఉంది. కమీషన్ గురించి ఒక్క మాట అనలేదు. పెట్టేసే ముందు మాత్రం అడిగాడు, "ఇంతకీ ఆ పాయింట్లతో ఏం కొన్నార్రా?"

బిర్యానీ అని చెప్పడానికి నోరు రాలేదు. అన్నయ్యతో మాట్లాడాను. కమీషన్లో ఎంత పట్టుకున్నారో కనుక్కుని, మేమిద్దరం కలిసి చెల్లి ఫీజుకి అంత సర్దుతున్నాం. బాబాయి తీసుకోనంటాడు, తెలుసు. పిన్నికి పంపిస్తాం.