కాల్వ వెంట చలిజ్వరం రాకూడదంటే...

నీళ్లు లేని ఊరికి పిల్లనివ్వమనేవారు మన దిక్కు. అట్లాంటి పాలమూరుకు కృష్ణమ్మ గట్లెక్కి వచ్చింది. జూరాల తర్వాత కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతలతో ఆముదాలు, జొన్నలు పండిన చెలకల్లో ఇవాళ వరి నాట్లు పడుతున్నాయి. సంతోషమే, ఎవరు కాదంటారు? కానీ నీళ్ల వెంట వచ్చే ఇంకో చుట్టం సంగతి మన ప్రాజెక్టు సభల్లో ఎవరూ ఎత్తరు. ఆ చుట్టం దోమ. ఉట్టి దోమయితే గోక్కుని ఊరుకుంటాం. దాని కడుపులో మలేరియా క్రిమి కూడా ఉంటే నాట్ల అదనులో ఇంటి పెద్ద మంచం పడతాడు. పసిపిల్లలకు, గర్భిణులకు ప్రాణం మీదికే వస్తుంది.

'మలేరియా మన జిల్లాలో ఎక్కడిది? అది భద్రాచలం అడవుల్లో, పాడేరు ఏజెన్సీలో కదా' అని మీరు అడగొచ్చు. నిజమే, ఇక్కడ జబ్బు ముదిరిందని భయపెట్టడానికి ఇది రాయడం లేదు. లేనప్పుడే అడ్డం పడాలని రాస్తున్నా. ఎందుకంటే, నీళ్లు చూడని ఇంకో ప్రాంతంలో సరిగ్గా ఈ పని చేయకనే కొంప మునిగింది.

ఎడారిలో ఏం జరిగింది?

రాజస్థాన్‌లోని థార్ ఎడారి సంగతి చూడండి. సట్లెజ్, బియాస్ నదులు కలిసే హరికే దగ్గర నుంచి నీళ్లు తెచ్చే ఇందిరాగాంధీ కాల్వకు 1958లో పునాది వేశారు. ఫీడరు కాల్వ, ప్రధాన కాల్వ కలిపి దాదాపు 650 కిలోమీటర్లు. 1980ల చివరికి నీళ్లు జైసల్మేరు జిల్లా దాకా చేరాయి. ఇసుక దిబ్బల్లో గోధుమ, పత్తి పండాయి. దేశమంతా చప్పట్లు కొట్టింది.

అంతకు ముందు అక్కడ మలేరియా లేకపోలేదు. వానలు బాగా పడిన ఏడాది వచ్చి పోయేది. ఇళ్లలో వాననీళ్లు దాచుకునే 'టాంకా' అనే భూగర్భ తొట్లలో పెరిగే దోమ ఒకటి ఉండేది. కాల్వ వచ్చాక పొలం దోమ వచ్చింది. దాని పేరు అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్. కాల్వ ఊట గుంతలు, కట్ట కోసం మట్టి తీసిన గోతులు, పొలంలో ఎక్కువై నిలిచిన నీళ్లు దానికి పుట్టిల్లయ్యాయి. ఆ నేలల్లో చాలాచోట్ల కింద జిప్సం గట్టిపొర ఉంది. పెట్టిన నీళ్లు దిగక జాలు పట్టింది. కాల్వ పనులకు, కొత్త పొలాలకు ఎక్కడెక్కడి నుంచో కూలీలు వచ్చారు. వాళ్లలో కొందరి నెత్తుటిలో ఫాల్సిపరం అనే ప్రాణాంతక మలేరియా క్రిమి వచ్చింది. 1994లో గట్టి వానలు పడ్డాయి. పడమటి రాజస్థాన్‌లో మలేరియా ఊళ్లకు ఊళ్లనే పట్టింది. ఎంతోమంది చనిపోయారు.

తప్పు నీళ్లది కాదు. నీళ్లు తెచ్చే లెక్క వేసినవాళ్లు, నీళ్లు పోయే లెక్క వేయలేదు.

మూడూ మన దగ్గరున్నాయి

మలేరియా పుట్టాలంటే మూడు కలవాలి. నిలిచిన నీళ్లు, అనాఫిలిస్ దోమ, ఒంట్లో క్రిమి ఉన్న మనిషి. నీళ్ల సంగతి చెప్పుకున్నాం. థార్‌లో కొంప ముంచిన ఆ పొలం దోమ మన పల్లెలకు కొత్తదేం కాదు, దేశంలో పల్లె మలేరియాకు అదే ప్రధాన కారణం. ఎక్కువగా పశువుల నెత్తురు తాగుతుంది, కొట్టాల్లోనే దాక్కుంటుంది. కొట్టం పక్కనే మంచం వేసుకుని పడుకునే మనల్ని కూడా వదలదు.

ఇక మూడోది మనిషి. పాలమూరు లేబరు తవ్వని కాల్వ, కట్టని డ్యామ్ దేశంలో ఉందా? గుంపు మేస్త్రీ వెంట ఒడిశా, ఛత్తీస్‌గఢ్ దాకా పోయి పనిచేసి వచ్చే మనవాళ్లు, అక్కడి నుంచి ఇక్కడి పనులకు వచ్చే కూలీలు, ఇద్దరూ శ్రమ చేసి బతికేవాళ్లే. వాళ్లను తప్పుపట్టే పని లేదు. వాళ్లకు నెత్తురు పరీక్ష చేయించే ఏర్పాటు లేకపోవడమే తప్పు. వచ్చిన వారంలోనే పరీక్ష చేసి పూర్తి మందు ఇస్తే క్రిమి అక్కడితో ఆగిపోతుంది.

మన దోమ సముద్రం దాటింది

ఇది పొలాలకే సంబంధించిన ముచ్చట కాదు. పట్నాల్లో సంపులు, డ్రమ్ములు, ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో పెరిగే మలేరియా దోమ ఇంకొకటి ఉంది. దాన్ని స్టీఫెన్సీ అంటారు. మన ఉపఖండం, దాని పడమటి దేశాల దోమ ఇది. ఇది 2012లో ఆఫ్రికాలోని జిబూటి అనే చిన్న దేశంలో కనిపించింది. ఆ ఏడాది అక్కడ నమోదైన మలేరియా కేసులు 27 మాత్రమే, జబ్బు పోయినట్టేనని అనుకుంటున్నారు. 2020లో లెక్క చూస్తే 73 వేలు దాటింది. 2016లో ఇథియోపియాలో, అదే ఏడాది చివర శ్రీలంకలోని మన్నార్‌లో కూడా ఈ దోమ దొరికింది.

1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. ప్రపంచానికి దారి చూపిన గడ్డ మనది. అలాంటిచోట ఇంటి ముందర గోలెం మీద మూత లేకపోతే ఎట్లా?

ఇంటింటికీ నల్లా వచ్చింది, మంచిదే. మరి వాడిన నీళ్లు ఎటు పోవాలి? మోరీ లేక వాకిట్లోనే ఆగితే అక్కడ క్యూలెక్స్ దోమ పెరుగుతుంది. అది తెచ్చేది బోదకాలు. ప్రాణం తీయదు గానీ మనిషిని బతికినన్నాళ్లూ ఏడిపిస్తుంది. ఇక్కడా కథ ఒకటే. నీళ్లు తెచ్చారు, పోయే దారి మరిచారు.

డ్యామ్ కట్టినవాళ్లే దోమ చూడాలి

ఇది ఎవరి పని? నీటిపారుదల శాఖను అడిగితే దోమ ఆరోగ్య శాఖది అంటారు. ఆరోగ్య శాఖను అడిగితే గుంతలు మాచేతిలో లేవంటారు. పంచాయతీలో నిధుల్లేవంటారు. మధ్యలో దోమకు రాజయోగం.

నా మాట ఒక్కటే. కాల్వ తవ్విన శాఖే కాల్వ దోమకూ జవాబు చెప్పాలి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. అమెరికాలో టెన్నెసీ నదిమీద వరస డ్యాములు కట్టేందుకు 1933లో ఒక సంస్థను పెట్టారు. అప్పుడు ఆ లోయలో నూటికి 30 మందికి మలేరియా ఉండేది. ఆ సంస్థ డ్యాములతో పాటు దోమల పనీ నెత్తిన వేసుకుంది. జలాశయం నీటిమట్టాన్ని అదనుచూసి పెంచుతూ తగ్గిస్తూ, ఒడ్డున దోమ గుడ్లు నిలవకుండా చేసింది. ఒడ్డు పొడవునా చెత్త, కలుపు తీయించింది. 1947 నాటికి అక్కడ మలేరియా దాదాపు లేకుండా పోయింది.

అంత దూరమెందుకు? శ్రీలంక కూడా మనలాగే చెరువులు, వరి పొలాల దేశం. అక్కడ 1963లో మొత్తం దేశంలో 17 కేసులే మిగిలాయి. ఇక పోయిందని చేతులు దులుపుకున్నారు. ఆ దశాబ్దం చివరికి కేసులు లక్షలకు ఎక్కాయి. మళ్లీ నడుం కట్టి, జ్వరం వచ్చిన ప్రతి మనిషినీ పట్టి పరీక్షించి, 2012 తర్వాత స్థానికంగా ఒక్క కేసు లేకుండా చేసుకున్నారు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా లేని దేశమని సర్టిఫికెట్ ఇచ్చింది. వరి పండిస్తే మలేరియా తప్పదనే మాట అబద్ధమని దీంతో తేలిపోయింది. కేసులు తగ్గినప్పుడు ఏమరుపాటు పనికిరాదనీ తేలింది. మన దేశానికీ ఈ దెబ్బ తగిలింది. 1960లలో లక్షకు దిగిన కేసులు 1976లో 64 లక్షలయ్యాయి.

రైతుగా మీ చేతిలో ఉన్నవి

సర్కారు పని సర్కారు చేయాలి. మన పనీ కొంత ఉంది.

పొలంలో ఎప్పుడూ నీళ్లు నిలబెట్టడం వరికి అవసరం లేదు. నాటిన రెండు వారాల తర్వాత ఆరుతడి పద్ధతి పాటించండి. మడిలో చిల్లుల గొట్టం పాతి, నీళ్లు నేల కిందికి 15 సెంటీమీటర్లు దిగాకే మళ్లీ తడి పెట్టండి. పూత దశలో మాత్రం నీళ్లు తగ్గనీయొద్దు. నీళ్లు ఆదా, కరెంటు ఆదా. పైగా మడి పూర్తిగా ఆరితే దోమ పిల్లపురుగులు చస్తాయి. గుడ్డు నుంచి దోమ కావడానికి ఎండలున్న రోజుల్లో వారం, పది రోజులు చాలు. అందుకే పదును మీద మడి ఆరడం ముఖ్యం. ఒక్కరు చేస్తే లాభం కొంతే. తూము కింది రైతులంతా కలిసి వారబందీ పెట్టుకుంటే చివరి ఆయకట్టుకూ నీళ్లందుతాయి.

పిల్లకాల్వలో తుంగ, తూటికాడ పెరగనిస్తే నీళ్లు ఆగుతాయి. వానాకాలం ముందు ఒకసారి, యాసంగి ముందు ఒకసారి కలిసి తీయండి. దోమలు తినే గంబూసియా చేపలు అడిగితే ఇస్తారు. వాటిని వాడని బావుల్లో, మూసివున్న గుంతల్లోనే వదలండి. చెరువుల్లో, వాగుల్లో వేస్తే మన నాటు చేపలను దెబ్బతీస్తాయి.

మందు కొట్టడానికి వచ్చినవాళ్లను ఇంటి లోపలికీ, కొట్టంలోకీ రానివ్వండి. బయట పడుకుంటే మందు పూసిన దోమతెర కట్టుకోండి. గోలేలు, డ్రమ్ములు వారానికొకసారి కడిగి ఎండబెట్టండి.

చలిపెట్టి జ్వరం వస్తే ఊళ్లో సూది వేయించుకుని నాట్లకు పోవద్దు. ఆరోగ్య కేంద్రంలోనో, ఆశ కార్యకర్త దగ్గరనో నెత్తురు పరీక్ష చేయించండి. వైవాక్స్ రకం క్రిమి కాలేయంలో దాక్కుని మళ్లీ లేస్తుంది. జ్వరం తగ్గిందని మధ్యలో మాత్రలు ఆపొద్దు. డాక్టరు రాసినన్ని రోజులూ మింగాల్సిందే.

ఇది అడగండి

2027 నాటికి దేశంలో స్థానిక మలేరియా కేసు ఒక్కటీ ఉండకూడదని కేంద్రం గడువు పెట్టుకుంది. బోదకాలు నిర్మూలనకూ గడువు అదే. గడువులు కాగితం మీద బాగానే ఉంటాయి. కాల్వ కట్ట పక్క గుంత పూడ్చేదెవరని అడగాల్సింది మనమే.

ఈసారి గ్రామసభకు పోయినప్పుడు, ప్రాజెక్టు ఇంజినీరు వచ్చినప్పుడు మూడు మాటలు అడగండి. ఊట నీళ్లు పోవడానికి మురుగు కాల్వకు అంచనాలో పద్దు ఉందా? మట్టి తీసిన గోతులు ఎప్పుడు పూడుస్తారు? నీటిపారుదల, ఆరోగ్య, పంచాయతీ శాఖలు ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు, యాసంగికి ముందు, ఒక్కచోట కూర్చుంటాయా?

నీళ్ల కోసం రెండు తరాలు కొట్లాడాం. ఆ నీళ్లు పండించిన వడ్లు ఆస్పత్రి ఖర్చుకు అమ్ముకోవద్దు. నీళ్లు రావడం మన హక్కు అయినట్టే, నిలవకుండా పోవడం కూడా మన హక్కే.