పునాది బాగు ఎవరి బాధ్యత? నోటీసులతోనే గడుస్తున్న ఏళ్లు

సికింద్రాబాద్ : వానలకు ముందు శిథిల భవనాల జాబితా తయారుచేయడం, గోడలకు నోటీసులు అంటించడం నగరపాలక సంస్థకు ఏటా ఉండే పనే. 2013 జులై 8 ఉదయం ఆర్.పి. రోడ్డులో సిటీ లైట్ హోటల్ నడుస్తున్న పాత భవనం ఒక్కసారిగా కుప్పకూలి పదిమందికి పైగా మరణించిన సంగతి విదితమే. అయినా పునాదులు బాగుచేయించే విషయంలో వరస పెద్దగా మారలేదు.

ఇక్కడి పాత కట్టడాలు చాలావాటికి నేటి ఇళ్లలాగా కాంక్రీటు పిల్లర్లు లేవు. రాయి, ఇటుక, సున్నంతో లేపిన మందపాటి గోడలే బరువంతా మోస్తాయి. దుకాణానికి షట్టరు పెట్టాలని గోడ తీసేస్తే ఆ బరువు పక్క గోడపై పడుతుంది. డ్రైనేజీ పైపు పగిలి నీరు ఇంకుతుంటే పునాది కింది మన్ను మెత్తబడి కుంగుతుంది. గోడ ఏటవాలుగా బీట తీస్తుంది. ఆ బీటలో సిమెంటు కూరి, రంగు వేయించి ఊరుకునేవారే ఎక్కువ. రంగు బరువు మోస్తుందా?

బీట పెరుగుతున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. దానికి అడ్డంగా సన్నని గాజుముక్క అతికించి తేదీ వేస్తే చాలు, అది పగిలితే గోడ కదులుతున్నట్టే. అసలు మరమ్మతుకే ఓపిక కావాలి. ముందు నీటి కారుడు ఆపాలి. పై బరువుకు ఇనుప ఆధారాలు పెట్టి, పునాది కింద మూడు నాలుగడుగుల చొప్పున విడివిడిగా తవ్వి కాంక్రీటు పోయాలి. అది గట్టిపడ్డాకనే పక్కభాగం తవ్వాలి. గోడ పొడుగునా ఒకేసారి తవ్వితే బాగుచేయబోయి కూల్చినట్టే. ఇంజనీరు లేకుండా మేస్త్రీ మాటపై చేసే పని కాదిది.

ఖర్చు దగ్గరకు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. ఏనాటి కిరాయో వస్తుంటే లక్షలు ఎక్కడినుంచి పెట్టాలని యజమాని అంటాడు. తనది కాని ఇంటికి తానెందుకు పెట్టాలని కిరాయిదారు. ఒకసారి ఖాళీ చేస్తే మళ్లీ గడప తొక్కనివ్వరని అతని భయం. ఆ భయం ఉత్తిదేమీ కాదు. 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ చట్టం 456వ సెక్షను కింద ప్రమాదకర కట్టడాన్ని బాగుచేయమని గాని, కూల్చమని గాని ఆదేశించవచ్చు. మరమ్మతుకై ఖాళీ చేసిన కిరాయిదారుకు పని పూర్తయ్యాక తిరిగి అప్పగించే వీలు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలోనే ఉంది. అయితే గోడకు అంటించే నోటీసు చదివి ఈ రెండో సంగతి తెలుసుకున్న దుకాణదారులు ఎందరు? ఆ హామీ రాతపూర్వకంగా చేతికి రానిదే వారు సామాను బయట పెట్టే సూచనలు కనిపించడం లేదు.