ఫీజు తీసుకోని సారు

"మా సారు ఫీజే తీసుకోడు. ఫోన్ జేస్తే చాలు, వచ్చి గుంట చూసిపోతాడు." మైపాడు రోడ్డు మీద ఒక టీ కొట్టు దగ్గర ఓ రొయ్యల రైతు గొప్పగా చెప్పుకుంటున్నాడు. పక్కన బల్ల మీద కూర్చున్న పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "నీ దగ్గర తీసుకోనోడు ఇంక యాడ తీసుకుంటా ఉండాడో అది చూసుకో అబ్బయా" అన్నాడు. ఈ వారం కాలమ్ ఆ పెద్దాయన చలవే.

కావలి, అల్లూరు, విడవలూరు నుంచి ముత్తుకూరు దాకా సముద్రం పక్కన వెళ్తే గుంటల గట్ల మీద బైకులు కనిపిస్తాయి. వీపున బ్యాగు, బ్యాగులో నీళ్లు పరీక్షించే కిట్టు, మోగుతూనే ఉండే ఫోను. వీళ్లే టెక్నీషియన్లు, కన్సల్టెంట్లు. కొందరు ముత్తుకూరు ఫిషరీ కాలేజీలో పట్టా తీసుకున్నవాళ్లు, కొందరు గుంటల్లోనే పనిచేసి నేర్చుకున్నవాళ్లు. రెండో రకాన్ని తక్కువ చేసి మాట్లాడను. చెక్ ట్రే ఎత్తి చూడగానే రొయ్య మేత ఎందుకు వదిలేసిందో చెప్పగలిగేవాళ్లు అందులోనూ ఉన్నారు. ఇద్దరూ అమ్మేది ఒకటే: తమ అంచనా. అది కంటికి కనపడే సరుకు కాదు, తూకం వేయడానికి లేదు. అసలు చిక్కంతా అక్కడే.

రైతు ఫీజు ఇవ్వడు. కన్సల్టెంటుకు ఇల్లు గడవాలి. మధ్యలో మందుల కంపెనీ, మందుల కొట్టు ఉన్నాయి. లక్ష రూపాయల బిల్లు అయితే అందులో 20 శాతం రాసిచ్చిన వాడికి వెళ్తుందనుకోండి. ఆయన ఫీజు 20 వేలు, కట్టింది రైతే. ఫీజనే పేరు లేదంతే. పేరు లేకపోతే పోయేదేముంది అంటారా? ఫీజు తీసుకున్నవాడు "ఏమీ వద్దు, రెండు రోజులు మేత తగ్గించి చూద్దాం" అనగలడు. కమీషన్ మీద బతికేవాడు ఆ మాట అంటే ఆ రోజు కూలి పోయినట్టే. పంట ఖర్చులో సగం పైగా మేతకే పోతుంది. ఎక్కువసార్లు రైతును కాపాడే సలహా ఆ మేత దగ్గరే ఉంటుంది, దానికి మాత్రం కమీషన్ లేదు.

తప్పంతా కన్సల్టెంట్లదే అని రాస్తే రైతులు చప్పట్లు కొడతారు, కానీ అది సగం నిజం. పది కిలోమీటర్లు వచ్చి, నీళ్లు చూసి, రొయ్యను చూసి, "అంతా బాగుంది" అని వెళ్లిపోయిన మనిషిని మనం ఏమంటాం? "ఏం రాయలేదే, వాడికేం తెల్దు" అంటాం. సూది వేయని డాక్టరుకు పల్లెలో పేరొచ్చిందా ఎప్పుడైనా?

మన తీరానికి ఈ పాఠం కొత్త కాదు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చినప్పుడు అమ్ముడుపోయింది కూడా సలహాలే. గుంట తవ్వించడం దగ్గర్నుంచి పట్టుబడి దాకా అన్నిటికీ మాటకారులు తయారయ్యారు. లాభం ఎంతొస్తుందో చెప్పారు కానీ, రోగమొస్తే ఏమవుతుందో చెప్పినవాళ్లు తక్కువ. 1994 చివర్లో తెల్లమచ్చ పడింది. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పోటు గీత నుంచి 500 మీటర్ల లోపల, సంప్రదాయ పద్ధతివి కాని చెరువులను తీసేయమంది. భూములమ్మి గుంటలు తవ్వించినవాళ్లు మిగిలారు, మాట అమ్మినవాళ్లు వేరే మాట వెతుక్కుంటూ వెళ్లిపోయారు. ఆ తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, 2009 నుంచి వనామి వచ్చింది. గుంటలు మళ్లీ నిండాయి, బైకులూ మళ్లీ వచ్చాయి.

నాకు తెలిసిన ఒక కుర్రవాడున్నాడు. ముత్తుకూరులో చదివాడు. ఆరేళ్లు ఒక మందుల కంపెనీలో టార్గెట్లు మోసి మానేశాడు. ఇప్పుడు పంటకు ఎకరానికి ఇంత అని ఫీజు మాట్లాడుకుంటాడు. గట్టు మీద నిలబడి మొదట చెప్పే మాట: "నా దగ్గర మందు లేదన్నా. ఏ కొట్టుతోనూ నాకు లెక్క లేదు. కావాలంటే ఊళ్లో అడగండి." మొదటి పంటకు 11 మందిని అడిగితే ముగ్గురు ఒప్పుకున్నారు. అందులో ఇద్దరు బంధువులు.

మూడో ఆయన గుంటలో 55వ రోజు తెల్లవారుజామున రొయ్యలు ఎర్రబడి గట్టు పక్కకు చేరాయి. 100 కౌంటు, అంటే ఒక్కోటి 10 గ్రాములు. ఇంకో నెల ఆగితే మంచి రేటు వచ్చే సరుకు. కుర్రవాడు వచ్చాడు, చూశాడు, పీసీఆర్ పరీక్షకు పంపాడు. మధ్యాహ్నానికి తెల్లమచ్చ అని తేలింది. ఈలోపే పక్క గుంట టెక్నీషియన్ వచ్చి రెండు డ్రమ్ముల పేరు చెప్పి పోయాడు. వేస్తే నిలబడతాయన్నాడట.

"అన్నా, దీనికి మందు లేదు. ఇక్కడే కాదు, యాడా లేదు. సాయంత్రానికి పట్టేయండి" అన్నాడు కుర్రవాడు. తెల్లమచ్చ సోకితే మూడు నుంచి పది రోజుల్లో గుంట మొత్తం పోవచ్చు. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసినా, "నిలబడతాయి" అనే మాట వినాలని ఉంటుంది. డ్రమ్ములు అమ్ముడుపోయేది ఆ ఆశకే.

పట్టారు. మేత ఖర్చు వచ్చింది, అంతే. కుర్రవాడు అక్కడితో ఆగలేదు. నీళ్లు అలాగే కాలవలోకి వదలొద్దని, బ్లీచింగ్ వేసి కొన్నాళ్లు ఆపాలని పట్టుబట్టాడు. ఆ నీళ్లే పక్కవాళ్లు మోటారు పెట్టి తోడుకునేది. "పంటా పోయె, పైన బ్లీచింగ్ ఖర్చు ఒకటా" అని ఆ రైతు అందరి ముందూ అరిచాడు. తర్వాత రెండు పంటలు ఆయన గుంట వైపు పిలవలేదు. ఎదురైతే పలకరింపు కూడా లేదు. ఆ రెండు పంటలూ కుర్రవాడు నెల్లూరులో ఓ ల్యాబులో సాయంత్రాలు పనిచేశాడు. ఇంట్లో వాళ్ల నాన్న, "అందరూ బతికినట్టు బతకరా" అన్నాడు. ఆ మాట బాగా గుచ్చుకుందని నాతో చెప్పాడు.

నిజాయితీగా ఉంటే గిరాకీ తన్నుకుంటూ వస్తుందని పుస్తకాల్లో రాస్తారు. వస్తుందేమో, కానీ ఈఎంఐ తేదీకి మాత్రం రాదు. అందుకే అతను కొన్ని పద్ధతులు పెట్టుకున్నాడు. ఫీజు ముందే కాగితం మీద రాస్తాడు. ప్రతి రాకకూ రైతు పుస్తకంలో తేదీ, ఉప్పు శాతం, అమ్మోనియా, తానేం చెప్పాడో రాసి సంతకం పెడతాడు. "ఏమీ వెయ్యొద్దు" అని చెప్పినా అదే రాస్తాడు. తప్పు చెబితే తప్పించుకోవడానికి లేదు. ఒకసారి మేత లెక్క తప్పు చెప్పి, ఆ నెల ఫీజు వదులుకున్నాడు కూడా. లేబుల్ లేని సీసా గట్టు మీద కనిపిస్తే ఆ గుంట ఒప్పుకోడు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాలు రొయ్యలో దొరికితే కంటైనరే వెనక్కి వస్తుంది. ఆ దెబ్బ ఒక్క రైతుతో పోదు, మొత్తం తీరం రేటు మీద పడుతుంది. ఆ సీసా రాసిచ్చినవాడి పేరు మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు.

మొన్న ఆ మూడో రైతే ఫోన్ చేశాడట. "అబ్బయా, పిల్ల ఏసే ముందు ఓసారి వచ్చి చూడు. ఊరికే మందులు రాయబాక." కుర్రవాడు సరే అన్నాడు. వెంటనే అవతలి నుంచి, "ఫీజు మాత్రం కాస్త తగ్గించుకో" అని వినబడింది.

తగ్గించలేదు. ఆయన ఇంకా ఖాయం చెప్పలేదు.