రంగు అబద్ధమా?

"కార్బన్ ఫైబర్‌కు రంగు వేయటం పాపం" అనే మాట కార్ల ప్రియుల నోట తరచుగా వినబడుతున్నది. నేత కనబడాలట. నల్లని నిగనిగలో ఏటవాలుగా సాగే ఆ అల్లిక కనబడితేనే నిజాయితీ అట, దానిమీద ఎరుపో తెలుపో పూస్తే అది అబద్ధమట. ఈ వాదాన్ని నేను పూర్తిగా నిరాకరిస్తున్నాను. కేవలం అభిరుచుల తగవే అయితే దీనిమీద ఒక టపా దండగ. కానీ రంగు అంటే అలంకారం మాత్రమే అన్న ఈ చులకన చివరికి రంగు వేసే మనిషి ఊపిరితిత్తుల దాకా పోతున్నది. అందుకే ఈ రాత.

కార్బన్ ఫైబర్‌ను తెలుగులో బొగ్గునార అనవచ్చును. మాట ముచ్చటగానే ఉన్నది గానీ శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా ఏ షెడ్డులోనూ ఎవరూ అలా అనరు గనుక నేనూ అనను.

ముందు వస్తువును చూద్దాం. ఇందులో ఒక్కొక్క పోగు మందం సుమారు 7 మైక్రాన్లు, అంటే మన వెంట్రుకలో పదోవంతు. అటువంటివి మూడేసి వేలు కలిపి ఒక పేట చేసి, ఆ పేటలతో గుడ్డ నేస్తారు. పడుగూ పేకా అన్నీ ఉంటాయి. ఆ గుడ్డను అచ్చులో పరచి, ఎపాక్సీ అనే జిగురుతో తడిపి, గట్టిపడనిస్తే కారు బానెట్టో డోరో అవుతుంది.

పొందూరు ఉన్న జిల్లావాళ్ళకు నేతను గురించి ఒకరు చెప్పనక్కరలేదు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి సన్ననూలు తీసిన ఊరది. బహుశా ఆ అభిమానంతోనే ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు: "పొందూరు ఖద్దరు మీద ఎవరైనా ఎనామిల్ పూస్తారా?" ప్రశ్న చమత్కారంగా ఉన్నది. పోలికే కుదరదు. ఖద్దరులో నూలు తన బలంతో తాను నిలుస్తుంది. దాన్ని ఉతుకుతాం, కడతాం, చిరిగితే కుడతాం. బానెట్టులోని గుడ్డ ఒంటరిగా నిలబడలేదు, చేతిలో పట్టుకుంటే వేలాడిపోతుంది. దాన్ని నిలబెట్టేది జిగురు. మీరు చేయి పెట్టి తాకేది కూడా పోగును కాదు, జిగురునే. ఎండకు పోగు చెడదు. చెడేది జిగురే. అతినీలలోహిత కిరణాలకు ఎపాక్సీ పసుపెక్కి, వెలిసి, పిండిరాలుతుంది. అందుకే షోరూములో నేత మిలమిలలాడే ఏ కారును చూసినా, ఆ నేతమీద ఆ కిరణాలను ఆపే పారదర్శకమైన లక్క పూత ఒకటి ఉంటుంది. అంటే పూత లేని కార్బన్ అన్నది మీరు మెచ్చుకునే కారులో కూడా లేదు. కనబడే పూతా, కనబడని పూతా అన్నదే తేడా. కనబడని పూత సత్యమూ, కనబడే పూత అసత్యమూ ఎలా అయిందో ఎవరైనా చెప్పగలరా?

పోలికే కావాలంటే పొందూరు దాటి సముద్రం ఒడ్డుకు రండి. కళింగపట్నం, భావనపాడు రేవుల్లో నేడు కనబడే తెప్పలు ఎక్కువగా ఫైబర్‌వే. అది గాజు నార, కార్బన్ కాదు. జిగురు కూడా పాలియెస్టర్. అయినా రెండూ ఒకే కుటుంబం. ఆ తెప్పను చేసేటప్పుడు అచ్చులో మొట్టమొదట వేసేది గుడ్డను కాదు, జెల్‌కోట్ అనే రంగు పొరను. గుడ్డ దాని వెనక వస్తుంది. ఆ పొర పగిలితే నీరు లోపలికి దిగి బొబ్బలు లేస్తాయి. వేటకు పోయే ఏ మత్స్యకారుడూ తన తెప్ప రంగును చూసి అబద్ధమని అనుకోడు. ఆ పొర ఉన్నంతకాలమే తెప్ప ఉంటుందని అతనికి తెలుసు. ఒడ్డున తెలిసిన ఈ సంగతి రోడ్డు మీదికి వచ్చేసరికి ఎందుకు మరుగునపడుతున్నది?

దీనికి జవాబుగా పందెపు కార్లను చూపుతారు. 1981లో మెక్‌లారెన్ వారు ఎంపీ4/1 అనే కారు ప్రధాన దేహాన్ని కార్బన్ ఫైబర్‌తో చేసి ఫార్ములా వన్‌లో దారి చూపారు. 2022లో నిబంధనలు మారి కార్ల బరువు పెరిగినప్పుడు, కనీస బరువు 798 కిలోలకు దగ్గరపడటానికి కొన్ని జట్లు రంగును గీకివేసి నల్లని కార్బన్‌ను బయటపెట్టాయి. నిజమే. కానీ ఆ కారు ఆయువు ఒక్క ఏడాది. పరుగు ముగిస్తే నీడకు చేరుతుంది, గీత పడితే ముక్కే మార్చేస్తారు. మన కారు పదిహేనేళ్ళు వీధిలో నిలబడాలి, వైశాఖపు ఎండలో, ఉప్పుగాలిలో. వాళ్ళ లెక్క వాళ్ళది. దాన్ని ఇక్కడికి ఫ్యాషనుగా దిగుమతి చేసుకోవటం వివేకం కాదు.

ఉప్పుగాలి అన్నాను గనుక ఇంకొక విషయం. కార్బన్‌లో విద్యుత్తు ప్రవహిస్తుంది. అల్యూమినియమో ఇనుమో దానికి నేరుగా ఆనుకుని, మధ్యలో ఉప్పు తేమ చేరితే, కార్బన్‌కు ఏమీ కాదు, లోహం తినుకుపోతుంది. మడతబందుల దగ్గర, బోల్టుల దగ్గర ప్రైమరు పొర అడ్డం ఉండవలసింది ఇందుకే. అలాగే వేడి. గది వేడిమిలోనే గట్టిపరచిన చవక రకం ముక్కలు, నల్లగా ఉండి ఎండలో మరిగితే, జిగురు మెత్తబడి లోపలి నేత పైకి అచ్చుపడుతుంది. ఫైబర్‌తో చేసే గ్లైడర్ విమానాలను తెల్లగా ఉంచేది కూడా వేడికి భయపడే. ఏ రంగు వేయాలన్నది కూడా ఇంజినీరింగే.

ఇక "పైన పటారం లోన లొటారం" అన్న సామెతను నా మీదికి విసురుతారని తెలుసు. అందులో కొంత న్యాయమున్నది. ఇనుప డోరు సొట్టపడితే టింకరింగు మేస్త్రి లోపలినుంచి కొట్టి సరిచేస్తాడు. కార్బన్‌కు సొట్ట పడదు, పగులుతుంది, లేదా లోపల పొరలు విడిపోతాయి. ఆ పగులును పుట్టీతో పూడ్చి, పైన రంగు కొట్టి అమ్మేవాళ్ళు ఉండవచ్చును. అది మనిషి చేసిన మోసం, రంగు చేసినది కాదు. అనుమానముంటే రూపాయి బిళ్ళతో మెల్లగా తట్టుతూ వినండి. గట్టి చోట ఖంగుమంటుంది, పొర విడిన చోట మొద్దుగా పలుకుతుంది. అన్నట్టు, రంగును అబద్ధమనే ఈ పెద్దమనుషులలో కొందరు ఇనుప బానెట్టు మీద కార్బన్ నేత అచ్చువేసిన స్టిక్కరు అంటించుకుని తిరుగుతారు. దాన్ని ఏమనాలో వారే సెలవియ్యాలి.

అసలు విషయానికి వస్తాను. కార్బన్ ముక్కకు సరిగా రంగు వేయటం ఇనుముకు వేయటం కంటె కష్టం. అచ్చునుంచి ఊడివచ్చేందుకు పూసిన మైనాన్ని ముందుగా పూర్తిగా తొలగించాలి, లేకుంటే రంగు గుంటలు పడుతుంది. సూదిమొన రంధ్రాలను పూడ్చాలి. నీటికాగితంతో రుద్దేటప్పుడు జిగురు పొర దాటి పోగును కోయకూడదు. పాత రంగును ఊడగొట్టే ఘాటు ద్రావకం వాడితే జిగురు కూడా ఊడుతుంది. ఇనుమును కాల్చినట్టు వేడి గదిలో కాల్చకూడదు. ఇన్ని తెలిసి చేయవలసిన పనిని మనం ఏమంటున్నాం? "పైపై పూత". పైపై పూత అనుకున్నంతకాలం అది వేసేవాడి కూలి కూడా పైపై ఖర్చే, అతని ముసుగు అంతకంటె దండగ ఖర్చే.

విజయనగరంలో ఒక షెడ్డు, పేరు అనవసరం. ఇరవై ఏళ్ళు నిండని కుర్రవాడు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని గన్ను పట్టుకున్నాడు. ముసుగు లేదా అని అడిగితే నవ్వి, "గుడ్డ కట్టుకున్నాను కదా బాబూ, ఏటయిపోద్ది?" అన్నాడు. ఏమవుతుందో చెబుతాను. ఇప్పుడు కార్లకు వాడే రెండు డబ్బాల పాలీయురేథేన్ రంగులో గట్టిపరచే ద్రవం ఐసోసయనేట్ల జాతిది. 1984 డిసెంబరులో భోపాల్‌ను చంపిన మిథైల్ ఐసోసయనేట్ అంత ఉగ్రమైనది కాదు గానీ ఆ కుటుంబానిదే. దాని తుంపరను తువ్వాలు ఆపదు. వాసన తెలిసేసరికే హాని చేసే మోతాదు దాటి ఉంటుంది. ఒకసారి శరీరానికి అది పడకుండా పోతే, ఆ తరువాత రవ్వంత తగిలినా ఉబ్బసం తిరగబెడుతుంది. అప్పుడు అతను నేర్చుకున్న విద్యే అతనికి నిషిద్ధమవుతుంది. కావలసినది బయటినుంచి మంచి గాలిని గొట్టంతో అందించే ముసుగు. కార్బన్‌ను రుద్దినప్పుడు లేచే ధూళికి తడిపి రుద్దటమూ, దాన్ని పీల్చే యంత్రమూ కావాలి. ఇవేవీ రాకెట్ విద్యలు కావు. ఒక గొట్టం, ఒక పంపు, యజమానికి కొంచెం మనసు.

నేత కనబడాలా వద్దా అని మనం రాత్రంతా వాదించుకోవచ్చును. కానీ ఆ నేతను ఎండనుంచీ ఉప్పునుంచీ కాపాడే పొరను వేసేవాడు మన ఉత్తరాంధ్ర కుర్రవాడే. ఇక్కడ పని దొరకకపోతే విశాఖకో హైదరాబాదుకో పోయి అదే గన్ను పట్టుకునేవాడు. కారును షెడ్డులో వదిలేటప్పుడు ఏ రంగు, ఎంత మెరుపు అని అడుగుతాం కదా. ఇకమీదట ఇంకొక ప్రశ్న కూడా అడగండి: "వేసే అబ్బాయికి గాలి ముసుగు ఉన్నదా?" లేదంటే, దాని ఖరీదును బిల్లులో వేయమని చెప్పండి. అప్పటికీ వేయకపోతే కారును వెనక్కి తిప్పుకుని మరొక షెడ్డుకు పొండి. రంగు అబద్ధమని ఉపన్యసించే వారిలో ఎంతమంది ఈ ఒక్క ప్రశ్న అడిగారో తెలుసుకోవాలని ఉన్నది.